ఊళ్లో ఎంతమంది ఉన్నారు?



మా వీధి చివర ఒక మేడ కడుతున్నారు. అక్కడ ఇటుకలు మోసే ఒకావిడ పొద్దున్నే మంచినీళ్లకోసం బిందె పట్టుకుని మా ఇంటికి వస్తుంది. చంకలో ఏడాది పిల్లాడు. వాణ్ణి ఎత్తుకుని ఆడించడానికి వెనకాల తొమ్మిదేళ్ల ఆడపిల్ల. ఒకనాడు బిందె నిండేలోగా ఆవిణ్ణి మాటల్లో పెట్టాను.

"ఏ ఊరమ్మా మీది?"

"పాలమూరమ్మా."

"పాలమూరంటే టౌనేనా?"

"కాదమ్మా. నారాయణపేట కాడ దామరగిద్ద మండలం. ఆడ బస్సు దిగి ఇంక లోపటికి పోవాలె."

"పెద్ద ఊరేనా? ఎంతమంది ఉంటారేం?"

ఆవిడ కొంగుతో చెయ్యి తుడుచుకుని నా మొహంకేసి చూసింది. "ఎప్పటి లెక్క చెప్పాల్నమ్మా? దసర నాటిదా, శివరాత్రి నాటిదా?" అంది.

నాకు వెంటనే బోధపడలేదు. తరవాత ఆవిడే విడమరిచి చెప్పింది. దసరాకి ఊరు నిండుగా ఉంటుందిట. పండగ వెళ్లి, ఉన్న కాస్త పంటా ఇంటికి చేరగానే మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీర్చడానికి మొగుడూ పెళ్లాలు జోడీలుగా బయలుదేరతారుట. కొందరు హైదరాబాదు, కొందరు బొంబాయి, పూనా. శివరాత్రి నాటికి సగం ఇళ్లకి తాళాలుంటాయి. ఊళ్లో మిగిలేది ముసలివాళ్లూ, బడికి పోయే పిల్లలూను.

చదువూ సంధ్యా లేని మనిషి అనుకుంటామే, చూడండి, జనాభా లెక్కల్లో ఉన్న మెలికనంతా ఆవిడ ఒక్క మాటలో చెప్పేసింది. ఒక ఊళ్లో ఎంతమంది ఉన్నారు అన్న ప్రశ్నకి జవాబు చెప్పడం మనం అనుకున్నంత తేలిక కాదు. ఆ సంగతే ఇవాళ మీతో ముచ్చటిద్దామని కూర్చున్నాను.

నల్లగొండ, పాలమూరు మనకి కొత్త కాదు. బీరువా తలుపు తీస్తే చాలు, రెండు జిల్లాలూ అక్కడే కనిపిస్తాయి. జిల్లాలు విడగొట్టక ముందు పోచంపల్లి నల్లగొండలో ఉండేది. గద్వాల, నారాయణపేట పాలమూరులో ఉండేవి. అంచూ చెంగూ చూసి ఏ ఊరి నేతో ఇట్టే చెప్పేస్తాం. ఆ ఊళ్ల చుట్టూ ఉన్న పల్లెల సంగతి మాత్రం మనకి అంతగా పట్టదు. 2011 జనాభా లెక్కల నాటికి పాలమూరు, అంటే మహబూబ్‌నగర్ జిల్లాలో 64 మండలాలు, 40 లక్షల 53 వేల మంది జనం. నల్లగొండలో 59 మండలాలు, 34 లక్షల 88 వేల మంది. అంటే పట్టణాలు కూడా కలుపుకుని సగటున ఒక్కో మండలంలో 60 వేల మంది దాకా ఉన్నారన్నమాట.

ఇంతకీ ఈ మండలం అనేది ఎప్పటి మాట? మన అత్తగార్ల కాలంలో తాలూకా అనేవారు. కాగితం ఏది కావాలన్నా, భూమి తగాదా ఏది వచ్చినా బండి కట్టుకుని తాలూకా కచ్చేరీకి పోవలసిందే. ఊళ్లో లెక్కలన్నీ పటేలు, పట్వారీల చేతుల్లో ఉండేవి. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆ పదవులు తీసేసింది. మరుసటేడు, 1985లో తాలూకాలని చిన్న చిన్న మండలాలుగా విడగొట్టింది. మూడు వందల పైచిలుకు తాలూకాలున్న చోట పదకొండు వందల దాకా మండలాలు వచ్చాయి. ఆఫీసు జనానికి దగ్గర కావాలన్నది దాని ఉద్దేశం. తెలంగాణ వచ్చాక 2016 అక్టోబరు 11న మళ్లీ పంపకం జరిగింది. పాత నల్లగొండ మూడు జిల్లాలయింది: నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి. పాత పాలమూరులోంచి నాగర్‌కర్నూలు, వనపర్తి, జోగులాంబ గద్వాల విడివడ్డాయి. కొడంగల్ వికారాబాదు జిల్లాలో కలిసింది. నారాయణపేట 2019లో వేరే జిల్లా అయింది. మండలాల సంఖ్యా పెరిగింది.

ఈ మార్పులు ఒక మనిషి బతుకులో ఎలా ఉంటాయో చూడండి. నేరేడుగొమ్ములో 1950లో పుట్టిన ఒక పెద్దావిడ ఉందనుకుందాం. ఆవిడ పుట్టింది హైదరాబాదు రాష్ట్రంలో, దేవరకొండ తాలూకాలో. ఆరేళ్ల పిల్లప్పుడు, 1956లో, రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అయింది. 1985 తరవాత ఆవిడ చందంపేట మండలం మనిషి అయింది. 2014లో తెలంగాణ పౌరురాలయింది. 2016లో నేరేడుగొమ్మే మండలం అయిపోయింది. ఆవిడ మాత్రం ఆ గడప దాటి కాపురం మార్చిందే లేదు! గద్వాలలో ఆవిడ ఈడు మనిషిని అడిగితే ఇంకో కథ చెబుతుంది. 1956 దాకా వాళ్లది రాయచూరు జిల్లా. తరవాత మహబూబ్‌నగర్ జిల్లా. ఇప్పుడు గద్వాలే జిల్లా కేంద్రం.

అందుకే పాత లెక్క, కొత్త లెక్క పక్కపక్కన పెట్టి "ఈ మండలంలో జనం సగానికి సగం తగ్గిపోయారే!" అని గుండెలు బాదుకోకూడదు. జనం ఎక్కడికీ పోయి ఉండరు. మండలమే సగం అయి ఉంటుంది. ఉమ్మడి సంసారం వేరుపడితే పెద్ద గిన్నెలో అన్నం తగ్గినట్టు కనిపించదూ? అలాంటిదే ఇది.

ఇక జనాభా లెక్కల పుస్తకంలో ఒక మండలం పేజీ తీద్దాం. ఎడమ పక్కన వరసగా ఊళ్ల పేర్లు ఉంటాయి. ఒక్కో ఊరికీ ఒక నంబరు. ఈ నంబర్లు అక్షరక్రమంలో ఉండవు. మండలం పటంలో వాయవ్య మూల మొదలుపెట్టి, అటునించి ఇటూ, ఇటునించి అటూ మెలికలు తిప్పుకుంటూ ఆగ్నేయ మూలకి వచ్చి ఆగుతారు. మెలికల ముగ్గులో చుక్క వదలకుండా గీత లాగుతామే, అచ్చం అదే పద్ధతి. ఏ ఊరూ తప్పిపోకుండా ఉండటానికి ఆ ఏర్పాటు.

అయితే ఆ పట్టికలో "గ్రామం" అంటే మనం అనుకునే ఊరు కాకపోవచ్చు. అది రెవెన్యూ గ్రామం. హద్దులూ, సర్వే నంబర్లూ, నక్షా ఉన్న భూమి చెక్క అది. ఆ చెక్కలో ఒక పెద్ద ఊరు ఉండవచ్చు. దానికి ఆనుకుని నాలుగు మజరాలు, రెండు గూడేలు, అయిదు తండాలు ఉండవచ్చు. వాటన్నిటికీ పట్టికలో కలిపి ఒకే వరస. దేవరకొండ, చందంపేట ప్రాంతంలో గుట్టకొకటి, వాగుకొకటి చొప్పున లంబాడీ తండాలున్నాయి. తండాలో పుట్టిన ఆడపిల్లకి తన ఊరు తన తండాయే. పట్టికలో మాత్రం ఆ పిల్ల మూడు మైళ్ల దూరంలో ఉన్న ఊరి పేరు కింద లెక్కకి వచ్చేది.

నల్లమల అడవిలో అమ్రాబాదు, లింగాల వైపు పోతే చెంచుల నివాసాలని పెంటలంటారు. నాలుగు గుడిసెలున్నా పెంటే. లింగాల మండలంలో అప్పాపూర్ పెంట ఉంది, అడవి నడిబొడ్డున. 1940లో హైమండార్ఫ్ అనే మానవశాస్త్ర పండితుడు భార్య బెట్టీతో కలిసి ఈ చెంచుల దగ్గరికి వచ్చి, వాళ్ల బతుకు తెలుసుకుని పెద్ద పుస్తకమే రాశాడు. అలాంటి చోట లెక్క రాయడమంటే పంతులుగారు పొద్దస్తమానం కాలినడకన తిరగాలి మరి!

పట్టికలో ఇంకో వింత ఉంది. కొన్ని ఊళ్లకి పేరుంటుంది, నంబరుంటుంది, భూమి విస్తీర్ణమూ ఉంటుంది. జనాభా గడిలో మాత్రం ఏమీ ఉండదు. వీటిని మన తెలంగాణ రెవెన్యూ రికార్డుల్లో "బేచిరాగ్" గ్రామాలంటారు. చిరాగ్ అంటే దీపం. బేచిరాగ్ అంటే దీపం వెలగని ఊరు. ఎంత చక్కటి మాట, ఎంత దిగులు మాట! కరువుకో, గత్తరకో, దొంగల భయానికో ఎప్పుడో జనం లేచిపోయి ఉంటారు. దీపం పెట్టే ఇల్లాలు లేకపోతే అది ఊరు కాదని ఆ కాలం గుమాస్తాలకి కూడా తెలుసన్నమాట.

ప్రాజెక్టులకింద పోయిన ఊళ్లు మరోరకం. నాగార్జునసాగర్‌కి 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేశారు. ఆ నీళ్లకింద నల్లగొండ వైపు ఏలేశ్వరం వంటి పురాతనమైన ఊరు మునిగిపోయింది. తరవాత శ్రీశైలం ప్రాజెక్టు. 1981 ప్రాంతాల్లో పాలమూరు, కర్నూలు జిల్లాల్లో కృష్ణ ఒడ్డున ఉన్న ఊళ్లని వరసగా ఖాళీ చేయించారు. కొల్లాపురం, అలంపురం వైపు ఎన్నో పల్లెలు నీళ్లకింద ఉండిపోయాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురం తెచ్చి మళ్లీ కట్టారు. దేవుడి గుడి కదిలి వచ్చింది. మనుషులు మాత్రం ఒక్కచోటికి రాలేదు, చెట్టుకొకరు పుట్టకొకరు అయిపోయారు.

ఇప్పుడు అడ్డంగా ఉన్న గడులు చూద్దాం. మొదటిది కుటుంబాల సంఖ్య. కుటుంబం అంటే ఏమిటని లెక్కలవాళ్ల నిర్వచనం? ఒకే వంటింట్లో తినేవాళ్లు! రక్తసంబంధం ఉండి తీరాలని లేదు. ఒకే ఇంట్లో అన్నదమ్ములు రెండు పొయ్యిలు పెట్టుకుంటే రెండు కుటుంబాలు. మీ ఇంట్లోనే ఉండి మీ వంటే తినే పనిపిల్ల మీ కుటుంబం లెక్కలోకే వస్తుంది. పొయ్యిని బట్టి సంసారాన్ని కొలవడం ఎవరికి తోచిందోగాని, మనకి నచ్చే మాటే.

తరవాత మగవారు, ఆడవారు. 2011లో వెయ్యిమంది మగవారికి నల్లగొండలో 983 మంది, పాలమూరులో 977 మంది ఆడవారున్నారు. ఇది చూసి పరవాలేదులే అనుకుంటాం. ఆ పక్కనే ఆరేళ్లలోపు పిల్లల గడి ఉంది. దాన్ని చూడకుండా పేజీ తిప్పకండి. తెలంగాణ మొత్తం మీద 2001లో ఈ వయసులో వెయ్యిమంది మగపిల్లలకి 957 మంది ఆడపిల్లలుంటే, 2011లో 932 మందే ఉన్నారు. నల్లగొండ జిల్లాలో ఇంకా తక్కువ, 920 పైచిలుకు. ప్రకృతి సహజంగా మగపిల్లలు కొద్దిగా ఎక్కువే పుడతారు. పుట్టిన వాళ్లలో వెయ్యికి 950 మంది దాకా ఆడపిల్లలుండాలి. ఆ పై లోటంతా మనుషులు చేసిందే.

1999లోనూ, 2001లోనూ దేవరకొండ తండాల నుంచి పసి ఆడపిల్లలని దత్తత పేరుతో డబ్బుకి తీసుకుపోతున్నారని పత్రికల్లో గగ్గోలు పుట్టింది మీకు గుర్తుండే ఉంటుంది. అప్పుడు మనమంతా "అయ్యో, ఎంత కఠినమైన తల్లులమ్మా!" అని ముక్కున వేలేసుకున్నాం. కరువు సీమలో మూడో ఆడపిల్లనో నాలుగో ఆడపిల్లనో కన్న ఆ తల్లికి చెప్పుకునే దిక్కు ఎవరున్నారు? పట్నంలో చదువుకున్నవాళ్లు స్కానింగు గది తలుపు వేసుకుని చేసే పని పత్రికలకి ఎక్కదు, అంతే తేడా. గర్భంలో ఉన్నది ఆడో మగో చెప్పడం నేరమని 1994లోనే చట్టం చేశారు. ఆ చట్టం చేయవలసి వచ్చింది తండాల కోసం కాదు.

షెడ్యూల్డు తెగల గడిలోనూ ఒక పాఠం ఉంది. 1971 లెక్కల్లో నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో గిరిజనులు బహు తక్కువగా కనిపిస్తారు. 1981లో ఒక్కసారిగా పెరిగిపోతారు. పదేళ్లలో అంతమంది పిల్లలు పుట్టారా? లేదు. లంబాడీలు అంతకు ముందు ఆంధ్ర ప్రాంతంలో షెడ్యూల్డు తెగగా ఉన్నా తెలంగాణలో ఆ జాబితాలో లేరు. 1976లో చేసిన చట్టంతో ఇక్కడా చేరారు. మనుషులు ఎప్పుడూ ఉన్నవాళ్లే. వాళ్లని రాసే గడి మారింది.

అక్షరాస్యుల గడి చూస్తే మనసు చివుక్కుమంటుంది. 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జిల్లాలన్నిటిలోకీ అట్టడుగున ఉన్నది మహబూబ్‌నగరే. ఏడేళ్లు దాటిన ఆడవాళ్లలో నూటికి 45 మంది దాకా మాత్రమే చదవడం, రాయడం తెలిసినవాళ్లు. బిందెతో వచ్చిన ఆవిడ వెనకాల ఉన్న తొమ్మిదేళ్ల పిల్ల గుర్తుందా? బడి ఈడు పిల్ల చంటివాణ్ణి మోస్తూ పట్నం వస్తే ఆ గడి ఎలా నిండుతుంది?

ఇక పనిచేసేవారు, పనిచేయనివారు అన్న గడులు. ఏడాదిలో ఆరు నెలలకి తగ్గకుండా పని ఉన్నవారు ఒక వర్గం, అంతకంటే తక్కువ ఉన్నవారు ఇంకో వర్గం, అసలు పనిచేయనివారు మూడో వర్గం. గుమ్మంలో పంతులుగారు "మీ ఆవిడ ఏం చేస్తుందండీ?" అని అడుగుతారు. ఇంటాయన "ఏం లేదండీ, ఇంట్లోనే ఉంటుంది" అంటాడు. ఆవిడ తెల్లవారుజామునే గేదె పాలు పితికి, పేడ ఎత్తి, నాట్లకో కలుపుకో పోయి, సందేళ గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని వచ్చిన మనిషి. 2001 లెక్కల నుంచి ఇంటి వాడకానికి పాడి చేసినా, ఇంటి తిండికి పంట పండించినా పని కిందే రాయాలని నియమం పెట్టారు. అడిగే పద్ధతిలో అడిగితేనే అది బయటపడుతుంది.

మన సంగతి చెప్పమంటారా? ఇంటిపని మాత్రమే చేసుకునే మీరూ నేనూ "పనిచేయనివారు" అన్న గడిలో ఉన్నాం! 2001 లెక్కల్లో ఇంటి ఇల్లాళ్లని ముష్టివాళ్లతోనూ, ఖైదీలతోనూ కలిపి ఒకే వర్గంలో చూపించడాన్ని 2010 జూలైలో సుప్రీంకోర్టు తప్పుపట్టింది. రోడ్డు ప్రమాదంలో పోయిన ఒక గృహిణి ప్రాణానికి పరిహారం ఎంత కట్టాలన్న కేసు అది. ఇల్లాలి పనికి విలువ కట్టని లెక్క ఏం లెక్క అన్నదే ఆ మాటల సారం. చందంపేట గుట్టమీది తండా స్త్రీకీ, పట్నంలో మేడమీది ఇల్లాలికీ ఈ ఒక్క గడిలో చుట్టరికం కలిసింది చూశారా!

ఇప్పుడు మళ్లీ దసరా, శివరాత్రి దగ్గరికి వద్దాం. మన పెద్దవాళ్లు జనాభా లెక్కల్ని మర్దుంషుమారీ అనేవారు. దేశంలో పదేళ్లకోసారి లెక్క 1881 నుంచీ క్రమంగా జరుగుతూ వచ్చింది. 1931 దాకా ఒకే రాత్రి దేశమంతా లెక్కపెట్టేవారు. తరవాత కొన్ని రోజుల వ్యవధి పెట్టుకున్నారు. 2011లో ఫిబ్రవరి 9 నుంచి 28 వరకూ ఇంటింటికీ తిరిగి రాశారు. ఆ నెలే ఎందుకంటే, వానలుండవు, దారులు బాగుంటాయి, జనం ఇళ్లపట్టున ఉంటారని. దేశంలో చాలా చోట్ల అది నిజమే కావచ్చు. పాలమూరులో మాత్రం జనం ఇళ్లపట్టున లేని నెలే అది! 2011లో శివరాత్రి మార్చి 2న వచ్చింది. అంటే పుస్తకంలో అచ్చయింది శివరాత్రి నాటి ఊరన్నమాట.

నియమం ఇలా ఉంది. ఆ ఇరవై రోజుల్లో ఎప్పుడైనా కొన్నాళ్లు సొంత ఇంట్లో ఉన్నవారిని అక్కడే రాస్తారు. ఆ ఇరవై రోజులూ పూర్తిగా ఊళ్లో లేనివారిని అక్కడ రాయకూడదు. ఎక్కడ కనిపిస్తే అక్కడ రాయాలి. ఇల్లూ వాకిలీ లేకుండా రోడ్డు పక్కన ఉండేవాళ్లని ఫిబ్రవరి 28 రాత్రి వెతికి వెతికి రాస్తారు. నియమం బాగానే ఉంది. కానీ సగం కట్టిన మేడలో సిమెంటు బస్తాల చాటున పడుకున్న దామరగిద్ద సంసారం ఎవరి కంట పడుతుంది? పగలు పంతులుగారు వచ్చే వేళకి వాళ్లు నాలుగో అంతస్తులో ఉంటారు. వాళ్లు ఊళ్లో లేరు కనక అక్కడ రాయరు. ఇక్కడ ఉన్నారని చెప్పే నాథుడు లేడు కనక ఇక్కడా రాయరు.

2014 ఆగస్టు 19 మీకు బాగా గుర్తుండాలి. తెలంగాణ అంతటా ఒక్కరోజులో సమగ్ర కుటుంబ సర్వే చేశారు. ఆరోజు హైదరాబాదు వీధులు బోసిపోయాయి. పేరు నమోదు కాకపోతే రేపు ఏం పోతుందోనని బొంబాయి నుంచి, పూనా నుంచి జనం రైళ్లకీ బస్సులకీ వేలాడుతూ సొంత ఊళ్లకి పరుగెత్తారు. లెక్కలో ఉండటమంటే ఏమిటో బీదవాడికి మనకంటే బాగా తెలుసు.

ఉంటే ఏమిటి, లేకపోతే ఏమిటి అంటారా? మచ్చుకి కొన్ని చెబుతాను. నాలుగు వందల నుంచి ఎనిమిది వందల జనానికి ఒక అంగన్‌వాడీ. అయిదు వేలమందికి, కొండలూ గిరిజన ప్రాంతాలయితే మూడు వేలమందికి, ఒక ఆరోగ్య ఉపకేంద్రం. కాన్పుకి నర్సమ్మ దగ్గర్లో ఉంటుందా, ఎడ్లబండి మీద పోవాలా అన్నది ఆ అంకె మీద ఉంది. బియ్యం ఎంతమందికి ఇవ్వాలన్న లెక్క ఆహార భద్రత చట్టం కింద 2011 జనాభాని పట్టుకునే వేశారు. పంచాయతీకి వచ్చే నిధులకీ ముఖ్యంగా జనాభాయే ఆధారం.

2018లో తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం వచ్చినప్పుడు అయిదు వందలు, అంతకు మించి జనం ఉన్న తండాలని వేరే పంచాయతీలు చేశారు. ఆ ఆగస్టులో వేల సంఖ్యలో కొత్త పంచాయతీలు పుట్టాయి. ఎన్నో ఏళ్లుగా పెద్ద ఊరి పేరుకింద దాగి ఉన్న తండాకి సొంత పేరు, సొంత సర్పంచి, సొంత గుమ్మం వచ్చాయి. సర్పంచి పదవుల్లో సగం ఆడవారివే కదా, ఎంతోమంది తండా స్త్రీలు ఆ కుర్చీలో కూర్చున్నారు. ఇప్పుడు ఆలోచించండి. అయిదు వందల ఇరవై మంది ఉన్న తండాలో లెక్క రాసేనాడు ముప్ఫై మంది కూలికి పోయి ఉంటే? ఆ ముప్ఫై మంది లేకపోవడం వల్ల తండా అంతటికీ పేరు లేకుండా పోదూ?

అలాగని పాలమూరు ఎప్పటికీ వలసల జిల్లాయే అనుకోవద్దు. జూరాల నీళ్లు వచ్చాయి. తరవాత కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా ఎత్తిపోతల పథకాలు వచ్చాయి. నీళ్లు అందిన చోట తాళాలు పడ్డ ఇళ్లు మళ్లీ తెరుచుకున్నాయి. అందని చోట మేస్త్రీ ఇంకా వస్తూనే ఉన్నాడు.

2021లో జరగవలసిన లెక్కలు కరోనా వల్ల ఆగిపోయాయి. 2027 మార్చి 1ని ప్రాతిపదిక తేదీగా పెట్టి కొత్త లెక్కలు జరుపుతామని 2025 జూన్‌లో కేంద్రం ప్రకటించింది. ముందు ఇళ్ల జాబితా, ఆ తరవాత మనుషుల లెక్క. మనుషుల లెక్క మళ్లీ ఫిబ్రవరిలోనే! అంటే దామరగిద్ద, కోస్గి, మద్దూరు పల్లెల జనంలో కొందరు మన వీధుల్లోనే లెక్కకి రావాలి.

కనక ఇల్లాళ్లుగా మనం చేయగలిగినవి మూడు పనులున్నాయి. మొదటిది, లెక్కలవాళ్లు వచ్చినప్పుడు తలుపు సందులోంచి సమాధానం చెప్పి పంపేయకుండా, ఇంట్లో ఉన్న ప్రతివారి పేరూ, వయసూ సరిగా చెప్పడం. మన వంటే తిని మన ఇంట్లోనే పడుకునే పనిపిల్లని మరిచిపోకూడదు. రెండోది, "మా ఇంటి వెనకాల షెడ్డులో కూలీలున్నారు, మేడమీద వాచ్‌మన్ సంసారం ఉంది, పొద్దు వాలాక వస్తే దొరుకుతారు" అని దారి చూపించడం. ఈ ఒక్క మాటతో ఒక కుటుంబం లెక్కకి వస్తుంది. మూడోది, ఆ కూలివాళ్లకి భయం తీర్చడం. పేరు రాస్తే గుడిసె పీకేస్తారనీ, పోలీసులొస్తారనీ వాళ్లు దాక్కుంటారు. 1948 నాటి జనాభా లెక్కల చట్టం ప్రకారం అక్కడ చెప్పిన వివరాలు రహస్యం. కోర్టులో సాక్ష్యానికి కూడా పనికిరావు. ఈ మాట వాళ్ల భాషలో, నెమ్మదిగా మనం చెబితే నమ్ముతారు.

ఆ మర్నాడు బిందెతో వచ్చినప్పుడు ఆవిణ్ణి మళ్లీ అడిగాను. "ఊరి సంగతి పోనీ, మీ ఇంట్లో ఎంతమంది?" అని. ఆవిడ వేళ్లు మడిచి లెక్కపెట్టింది. అత్త, మామ, బడికి పోయే పెద్ద కొడుకు ఊళ్లో. తనూ, పెనిమిటీ, ఆడపిల్లా, చంటివాడూ ఇక్కడ. "ఏడుగురం అమ్మా" అంది. ఒక్క క్షణం ఆగి, "ఏడుగురం ఒక్కతాన ఉన్నది దసర పండుగ నాడే" అంది.

ఆ నలుగురిని మన వీధిలో ఉన్నంత కాలం మన వీధి మనుషులుగా లెక్కవేయడం మన చేతిలో పని. ఆ తొమ్మిదేళ్ల పిల్లని దగ్గర్లో ఉన్న బడికి తీసుకువెళ్లి హెడ్‌మాస్టరు గారితో మాట్లాడదామని నేను అనుకున్నాను. చంటివాణ్ణి ఎవరు చూస్తారని వాళ్లమ్మ అడిగింది. మా వీధిలో నలుగురు ఇల్లాళ్లం కూర్చుని దానికో దారి వెతుకుతున్నాం. మీ వీధి చివర కూడా ఏదో ఒక మేడ లేస్తూనే ఉంటుంది. ఒకసారి అటువైపు వెళ్లి చూసి రండి.